ముద్దేనహళ్లి కుర్రాడు హైస్కూలు ఎలా దాటాడు

సెప్టెంబరు 15 దగ్గరపడుతోందంటే మన చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి బడుల్లో అట్టముక్కలకూ జిగురుకూ గిరాకీ వస్తుంది. ఇంజినీర్ల దినోత్సవం కదా. ఏడో తరగతి పిల్లలు కృష్ణరాజసాగర్ నమూనా చేస్తారు. ఎనిమిదో తరగతి వాళ్లు వ్యాసరచనకు కూర్చుంటారు. ఎవరో ఒక బుడతడికి మైసూరు పేటా చుట్టి, కోటు తొడిగి వేదిక ఎక్కిస్తారు. జూన్‌లో ఊపందుకుని మార్చి పరీక్షలతో ముగిసే బడి ఏడాదిలో ఇదొక మంచి రోజే. అయితే పిల్లలు రాసే వ్యాసాలు మాత్రం దాదాపు ఒకేలా ఉంటాయి. పుట్టుకకు ఒక వాక్యం, ఆ వెంటనే ఆనకట్ట, దివాన్ పదవి, భారతరత్న. నడుమ ఉన్న చదువుకునే ఏళ్లన్నీ మాయమైపోతాయి. ఆ కుర్రాడు ఎవరింట్లో పడుకున్నాడు? ఎక్కడ తిన్నాడు? ఖర్చుకు డబ్బు ఎక్కడిది? ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లవాడు కన్నడంలో, ఇంగ్లిషులో ఎలా నెగ్గుకొచ్చాడు? పదో తరగతి ఫలితాల తర్వాత మన ఇళ్లలో రాత్రిపూట జరిగే చర్చ అంతా ఈ ప్రశ్నల మీదే. అందుకే మోక్షగుండం విశ్వేశ్వరయ్య కథను ఈసారి మాయమైన ఆ ఏళ్లతోనే మొదలుపెడదాం.

ఇంటిపేరు దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. మోక్షగుండం అనేది గిద్దలూరు ప్రాంతంలోని ఊరు. విశ్వేశ్వరయ్య పూర్వీకులు అక్కడి నుంచి మైసూరు సీమకు తరలివచ్చి నంది కొండల కింద ముద్దేనహళ్లిలో స్థిరపడ్డారు. ఊరు వదిలినా ఇంటిపేరు వదలలేదు, ఇంట్లో భాషా వదలలేదు. మన తాలూకాల్లో ఇలాంటి కుటుంబాలు కొల్లలు. తాత ముత్తాతలది కడప వైపనో, అనంతపురం వైపనో చెప్పుకుంటూ, బయట కన్నడం మాట్లాడి గడప లోపల తెలుగులోకి మారిపోయేవాళ్లం మనమంతా. తండ్రి శ్రీనివాస శాస్త్రి సంస్కృత పండితుడు. తల్లి వెంకటలక్ష్మమ్మ. పుట్టిన తేదీ సెప్టెంబరు 15. సంవత్సరం 1860 అని కొందరూ 1861 అని కొందరూ రాస్తారు. తపాలా శాఖ మాత్రం 1960నే శతజయంతిగా లెక్కగట్టి, ఆయన బతికి ఉండగానే ఆయన బొమ్మతో తపాలా బిళ్ల విడుదల చేసింది. వ్యాసాల పోటీలో ఈ ఏడాది తేడా మీద మార్కులు తగ్గించకండని మాస్టార్లకు మా మనవి.

పండితుడి ఇల్లు అనగానే కలిగిన ఇల్లు అనుకోకూడదు. చదువుకు లోటు లేదు గానీ చేతిలో డబ్బు ఆడేది కాదు. మొదటి అక్షరాలు ఇంట్లోనే దిద్దుకున్నాడు. ఆ తర్వాతి చదువు చిక్కబళ్లాపురంలో. ఇప్పుడు జిల్లా కేంద్రమైన ఆ పట్టణం అప్పట్లో కోలారు జిల్లాలో ఒక తాలూకా ఊరు. 2007లో జిల్లాగా వేరుపడేదాకా మన మూడు ఊళ్లూ కోలారు జిల్లాలోనివే కదా. ముద్దేనహళ్లి నుంచి చిక్కబళ్లాపురం పెద్ద దూరం కాదు. మన పల్లెల నుంచి ఇవాళ సైకిల్ మీదో బస్సులోనో హైస్కూలుకు వచ్చే పిల్లలు దాటే దూరమే. ఇంట్లో తెలుగు, తండ్రి ఒడిలో సంస్కృతం, ఊళ్లో కన్నడం. ఈ మూడూ ఒకదానికొకటి అడ్డుపడినట్టు ఆయన జీవితంలో ఎక్కడా కనిపించదు. ఇంట్లో తెలుగు మానేస్తే బడిలో కన్నడం బాగా వస్తుందని మన పెద్దలు కొందరు ఇప్పటికీ నమ్ముతుంటారు. ఆ నమ్మకానికి ఈ ఇల్లు సాక్ష్యం చెప్పదు.

కష్టం వేరే వైపు నుంచి వచ్చింది. పిల్లవాడు ఇంకా బడి వయసులో ఉండగానే తండ్రి పోయాడు.

ఇలాంటి సందర్భంలో ఏం జరుగుతుందో మనకు వేరెవరూ చెప్పనక్కర్లేదు. సంపాదించే మనిషి పోయిన ఇంట్లో మొదట ఆగిపోయేది పెద్ద తరగతి పిల్లల చదువే. ఆ రోజుల్లో చిక్కబళ్లాపురం దాటి చదవాలంటే బెంగళూరు పోవాలి. సుమారు 60 కిలోమీటర్ల దూరం. రైలు లేదు, మోటారు బస్సు అనే మాటే పుట్టలేదు. కాలినడక, లేకపోతే ఎడ్లబండి. ఊళ్లో ఏదో లెక్కలు రాసే పనిలో కుదిరి తల్లికి ఆసరాగా ఉండిపోతే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. వెంకటలక్ష్మమ్మ అలా చేయనివ్వలేదు. బెంగళూరులో ఆమె తమ్ముడు రామయ్య ఉన్నాడు. కొడుకును అక్కడికి పంపింది. మేనమామ ఇల్లు అనేది మన సమాజం కనిపెట్టిన మొదటి హాస్టల్. దానికి ఫీజు లేదు, అడ్మిషన్ గడువు లేదు. ఎందరి చదువులు ఆ గడపల మీద నిలబడ్డాయో లెక్క తీస్తే పెద్ద గ్రంథమే అవుతుంది.

బెంగళూరులో వెస్లియన్ మిషన్ వాళ్ల హైస్కూల్లో చేరాడు. తర్వాత సెంట్రల్ కాలేజీ. 1858లో బెంగళూరు హైస్కూలుగా మొదలైన సంస్థే పెరిగి పెద్దదై సెంట్రల్ కాలేజీ అయింది. ఇంగ్లిషు పాఠాలు, ఇంగ్లిషు దొరలు, పల్లె నుంచి వచ్చిన కుర్రాడు. మేనమామ ఇల్లు ఉన్నా ఆయనా పెద్ద ఆస్తిపరుడు కాడు. పుస్తకాలకూ జీతానికీ తన డబ్బు తనే చూసుకోవాలి. అప్పుడు చేసిన పని ట్యూషన్లు చెప్పడం. మైసూరు సర్కారులో ఉద్యోగం చేసే ఒక కొడగు కుటుంబం ఇంట్లో పిల్లలకు పాఠాలు చెప్పేవాడు. అందుకు బదులుగా అక్కడే ఉండటానికి చోటు దొరికింది. భోజనానికి మాత్రం మేనమామ ఇంటికి నడిచిపోవాలి, మళ్లీ వెనక్కి నడిచిరావాలి. తను చదువుకోవడం, ఇంకొకరికి చెప్పడం, అన్నానికి నడవడం. ఇదీ ఆయన విద్యార్థి జీవితం దినచర్య. తర్వాతి కాలంలో సమయపాలనకు ఆయన పేరే ఒక కొలమానం అయిందంటే, ఆ గడియారం ఇక్కడే కీ తిప్పుకుందని మాకనిపిస్తుంది. పూట పూటకీ రెండిళ్ల నడుమ నడిచేవాడు ఆలస్యం చేస్తే పోయేది పాఠమో, అన్నమో.

ఈ ఏళ్లు ఎలాంటి ఏళ్లో కూడా తెలిస్తేనే ఆ చదువు బరువు అర్థమవుతుంది. 1876 నుంచి 1878 దాకా దక్షిణ దేశాన్ని ధాత కరువు పీల్చేసింది. మన పెద్దల నోట ఇప్పటికీ అక్కడక్కడా వినిపించే పేరే అది. మైసూరు సంస్థానం మీద ఆ దెబ్బ మరీ గట్టిగా పడింది. 1871 జనాభా లెక్కల్లో సుమారు 50 లక్షల మంది ఉన్న సంస్థానంలో 1881 నాటికి మిగిలింది సుమారు 42 లక్షలు. పెరగవలసిన జనం పదేళ్లలో ఎనిమిది లక్షలు తగ్గారన్నమాట. చెరువుల మీద, వానల మీద బతికే మన కోలారు సీమ సంగతి వేరుగా చెప్పాలా? పల్లెల నుంచి గంజి కేంద్రాలకూ పట్టణాలకూ జనం నడిచిపోతున్న రోజుల్లో ఈ కుర్రాడు బెంగళూరులో రేఖాగణితం చదువుతున్నాడు. ఆ దృశ్యాలు ఆయన మనసులో ఏం మిగిల్చాయో మేము ఊహించి రాయబోవడం లేదు. కానీ నీళ్లు నిల్వ చేయడం, వృథా కాకుండా పంచడం అనేది అరవై ఏళ్ల పాటు ఆయన చేతిలో పనిగా ఉండిపోయింది.

సెంట్రల్ కాలేజీలో ప్రిన్సిపాల్ చార్లెస్ వాటర్స్. గణితంలో ఈ కుర్రాడి పట్టును ఆయన గమనించాడు, దగ్గరకు తీశాడు. చదువు ముగిశాక వెబ్‌స్టర్ నిఘంటువును కానుకగా ఇచ్చాడని జీవితచరిత్రల్లో ఉంది. మన పాఠశాల వార్షికోత్సవాల్లో స్టీలు పళ్లేలూ ప్లాస్టిక్ డబ్బాలూ బహుమతులుగా ఇచ్చే బదులు నిఘంటువులు ఇస్తే ఎలా ఉంటుందో కమిటీలు ఒకసారి ఆలోచించాలి. తెలుగు నిఘంటువు ఒకటి, కన్నడ నిఘంటువు ఒకటి ఇచ్చినా పళ్లెం ఖరీదుకు మరికొంత కలిపితే సరిపోతుంది.

1881లో బి.ఏ. ప్యాసయ్యాడు. పట్టా ఇచ్చింది మద్రాసు విశ్వవిద్యాలయం. ఎందుకంటే మైసూరు సంస్థానానికి అప్పట్లో సొంత విశ్వవిద్యాలయం లేదు. ఇక్కడి పిల్లలు ఇక్కడ చదివి మద్రాసు వాళ్లు పెట్టిన పరీక్షలు రాసేవారు. ఈ సంగతి గుర్తుపెట్టుకుందాం, మళ్లీ అవసరపడుతుంది. సరిగ్గా అదే ఏడు, యాభై ఏళ్ల బ్రిటిషు పాలన తర్వాత సంస్థానం తిరిగి ఒడెయర్ల చేతికి వచ్చింది. రంగాచార్లు దివాను. ఇంజినీరింగు చదవాలంటే పుణే పోవాలి, డబ్బులేమో లేవు. మైసూరు ప్రభుత్వం స్కాలర్‌షిప్ ఇచ్చింది. పుణే సైన్సు కాలేజీలో చేరి 1883లో బొంబాయి రాష్ట్రం మొత్తానికి మొదటివాడుగా నిలిచాడు. మరుసటి ఏడాది, 1884లో, బొంబాయి ప్రజాపనుల శాఖలో అసిస్టెంటు ఇంజినీరు.

ఇక్కడిదాకా లెక్క చూసుకుంటే ఈ చదువుకు నాలుగు దూలాలు కనిపిస్తాయి. పంపిన తల్లి, తిండి పెట్టిన మేనమామ, గమనించిన మాస్టారు, డబ్బిచ్చిన సర్కారు. తెలివి ఆయన సొంతమే, శ్రమా ఆయన సొంతమే. అయినా ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి విరిగినా చిక్కబళ్లాపురం దగ్గర పల్లెలో ఒక మంచి కరణం మిగిలేవాడు, అంతే.

ఉద్యోగం కథ చాలామందికి తెలిసిందే కాబట్టి త్వరగా దాటుదాం. కాకపోతే సైన్సు మాస్టార్లకు పనికొచ్చే రెండు సంగతులు మాత్రం వదలలేం. మొదటిది సింధు నది ఒడ్డున సుక్కూరు పట్టణానికి నీటి సరఫరా పని, 1890ల నడుమ. నది నీరు బురదబురద. వడపోత కోసం పెద్ద తొట్లు కట్టడానికి ఆ మునిసిపాలిటీ దగ్గర డబ్బు లేదు. విశ్వేశ్వరయ్య నది గర్భంలోనే బావి తవ్వించాడు. ఇసుక పొరల గుండా ఊరిన నీరు తేరుకుని బావిలోకి చేరుతుంది, అక్కడి నుంచి ఒడ్డుకు తెచ్చి ఎక్కించవచ్చు. మన చిత్రావతి, పాపాఘ్ని ఇసుకలో ఆడవాళ్లు చెలమ తీసి, కాసేపు ఆగి, తేరిన నీటిని చిప్పతో ముంచుకోవడం చూసినవాళ్లకు ఇది చిటికెలో అర్థమవుతుంది. చెలమనే ఒక పట్టణానికి సరిపడా పెంచాడన్నమాట. తరగతి గదిలో ఒక బకెట్టు, గులకరాళ్లు, ఇసుక, బురద నీళ్లు ఉంటే ఈ ప్రయోగం అరగంటలో చేయవచ్చు. ఇసుక కనిపించడం మానేసిన నదులున్న కాలంలో పిల్లలకు చెలమ అనే మాట కూడా ఆ వంకన అందుతుంది.

రెండోది పుణే దగ్గర ఖడక్‌వాస్లా జలాశయం తలుపులు. ఆనకట్ట ఎత్తు పెంచకుండా ఎక్కువ నీరు ఆపాలి, వరద వస్తే కట్టకు ప్రమాదం రాకూడదు. 1903లో ఆయన అమర్చిన తలుపులు బరువుల తూకం మీద పనిచేస్తాయి. నీరు నిర్ణీత మట్టం చేరేదాకా మూసుకుని ఉంటాయి. అది దాటి పొంగితే వాటంతట అవే తెరుచుకుని మిగులును వదిలేస్తాయి. మట్టం తగ్గగానే మళ్లీ మూసుకుంటాయి. కావలివాడు అర్ధరాత్రి లాంతరు పట్టుకుని పరుగెత్తనక్కర్లేదు. నిల్వ మట్టం ఇలా సుమారు 8 అడుగులు పెరిగింది. అట్టముక్కతో కృష్ణరాజసాగర్ గోడను ఏటా కట్టే పిల్లలు ఒక్క ఏడాది ఈ తలుపును చేయడానికి ప్రయత్నిస్తే బాగుంటుంది. గోడ కట్టడం సులువు, తనంతట తాను లేచే తలుపు చేయడంలోనే తొమ్మిదో తరగతి భౌతికశాస్త్రం ఉంది.

1908లో బొంబాయి కొలువు వదిలాడు. అదే ఏడాది సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ముంచింది. వేలమంది కొట్టుకుపోయారు. నిజాం ప్రభుత్వం పిలిస్తే 1909లో వెళ్లి, నగరానికి ఎగువన జలాశయాలు కట్టి వరదను ఆపాలని పథకం వేసిచ్చాడు. ఆ దారిలోనే తర్వాత ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి. అదే ఏడాది చివర్లో మైసూరు చీఫ్ ఇంజినీరు పదవి. 1911లో కావేరి మీద కన్నంబాడి కట్ట పని మొదలైంది. 1912లో దివాన్.

ఇక్కడ మళ్లీ నెమ్మదిగా నడవాలి, ఎందుకంటే బడి మళ్లీ కథలోకి వచ్చింది. సంస్థానంలో అప్పటికి నూటికి ఆరుగురు అటూఇటుగా మాత్రమే చదవడం రాయడం వచ్చినవాళ్లు. దివాను కాకముందే, 1911లో, ఆయన చొరవతో మైసూరు ఎకనామిక్ కాన్ఫరెన్సు ఏర్పడింది. వ్యవసాయం, పరిశ్రమలతో పాటు చదువును కూడా అందులో ఒక విభాగంగా పెట్టడం గమనించాలి. ఆర్థిక వ్యవహారాల సభలో చదువుకేం పని అని అడిగేవాళ్లు ఆ రోజుల్లోనూ ఉండి ఉంటారు. ఊరి రాబడి ఊరి బడితో ముడిపడి ఉందన్నది ఆయన లెక్క. 1913లో ప్రాథమిక విద్యా చట్టం వచ్చింది. ఎంపిక చేసిన చోట్ల పిల్లలను బడికి పంపడం తప్పనిసరి చేసింది. ఆయన దివానుగా చేరేనాటికి సంస్థానంలో సుమారు 4,500 బడులుంటే, ఆరేళ్ల తర్వాత దిగేనాటికి అవి 10,000 దాటాయి. చదివే పిల్లల సంఖ్య సుమారు 1,40,000 నుంచి 3,60,000 దాటింది. ఇందులో కన్నంబాడి కట్టంత ఎత్తు కనిపించే రాయి ఒక్కటీ లేదు. బహుశా అందుకే పిల్లల నమూనాల్లోకి ఇది రాదు.

చేతిపని నేర్పే చదువు మీద కూడా పట్టుబట్టాడు. 1913లో బెంగళూరు శివారు హెబ్బాళలో వ్యవసాయ పాఠశాల. 1917లో బెంగళూరులో ఇంజినీరింగు కాలేజీ. తను పుణే పోవలసివచ్చిన చదువు ఇక బెంగళూరులోనే దొరుకుతుంది. ఇక విశ్వవిద్యాలయం. ఒక చిన్న సంస్థానానికి సొంత విశ్వవిద్యాలయం ఎందుకని వెనక్కి లాగినవాళ్లు ఉన్నారు. మద్రాసు పరీక్షలు రాసి పైకొచ్చిన మనిషే మన పిల్లల పరీక్ష మనమే పెట్టుకోవాలని నిలబడ్డాడు. మహారాజు నాలుగో కృష్ణరాజ ఒడెయరు అండగా ఉన్నారు. 1916 జులైలో మైసూరు విశ్వవిద్యాలయం పుట్టింది. ఈ పనిలో ఇంకొక తెలుగువాడి చేయి ఉంది. చిత్తూరు దగ్గరి కట్టమంచి నుంచి వచ్చి మైసూరు మహారాజా కళాశాలలో పాఠాలు చెబుతున్న రామలింగారెడ్డి. విశ్వవిద్యాలయాలు ఎలా నడుస్తాయో చూసి రావడానికి మైసూరు ప్రభుత్వం ఆయన్ను విదేశాలకు పంపింది. తర్వాత ఆయనే సంస్థానపు విద్యాశాఖకు పెద్ద అధికారి అయి, అంటరానివారని దూరం పెట్టిన పిల్లలకు సర్కారు బడుల తలుపులు తెరిపించాడు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి ఉపాధ్యక్షుడైన కట్టమంచి ఆయనే.

1915లో బెంగళూరులో కన్నడ సాహిత్య పరిషత్తు ఏర్పడింది. అప్పుడు దివాను విశ్వేశ్వరయ్యే, ప్రభుత్వపు ఆదరణ దానికి ఉంది. ఇంట్లో తెలుగు మాట్లాడే మనిషి హయాంలో కన్నడానికి ఆ పీఠం లేచిందన్న సంగతిని మన వాళ్లు ఒకరకంగానూ, కన్నడ మిత్రులు ఒకరకంగానూ గర్వంగా చెప్పుకుంటారు. మాకు ఇందులో వింతేమీ కనిపించదు. రాజ్యాంగం 350ఎ అధికరణం అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో తల్లిభాషలో బోధన అందించమంటోంది. ఆ హక్కును అడిగే చేత్తోనే మన పిల్లలకు కన్నడం బాగా నేర్పమని మాస్టారిని అడగడంలో విరోధమేముంది? చింతామణి సంతలో ఒకే బేరం రెండు భాషల్లో మొదలై మూడో భాషలో ముగుస్తుంది. కైవార నారాయణప్ప తాతయ్య తెలుగులోనూ కన్నడంలోనూ తత్వాలు పాడింది ఈ నేల మీదే.

ఇంతదాకా రాసింది చదివి, ఈయనలో వంక పెట్టడానికే లేదా అనిపించవచ్చు. ఉంది. 1918లో మహారాజు జస్టిస్ లెస్లీ మిల్లర్ అధ్యక్షతన ఒక కమిటీ వేశారు. సర్కారు కొలువుల్లో ఒకే వర్గం వారు నిండిపోయారు, వెనకబడిన వర్గాలకు వాటా ఉండాలన్న ఆందోళన దీనికి మూలం. విశ్వేశ్వరయ్యకు ఇది నచ్చలేదు. యోగ్యతే కొలబద్దగా ఉండాలి, చదువు అందరికీ అందిస్తే తేడాలు వాటంతట అవే సర్దుకుంటాయన్నది ఆయన వాదం. ఆ ఏడాది చివరికల్లా పదవి వదిలేశాడు. కమిటీ మరుసటి ఏడాది నివేదిక ఇచ్చింది, మైసూరు దేశానికే దారి చూపిన సంస్థానాల్లో ఒకటైంది. ఈ విషయంలో మేము దివాను పక్కన నిలబడలేం. ఆయన పేదవాడే, కానీ పండితుడి ఇంట్లో పుట్టిన పేదవాడు. అక్షరం ఆయన ఇంట్లోకి నడిచివచ్చింది. బెంగళూరులో చదువుకున్న మేనమామ ఉన్నాడు. ఆ మేనమామ లేని ఇళ్ల పిల్లలకు సర్కారే మేనమామ కావలసి ఉంటుంది. తన స్కాలర్‌షిప్పును మరిచిపోని మనిషికి ఈ ఒక్క మెట్టు ఎందుకు కనిపించలేదో మరి. పాఠంలో ఇది కూడా చెప్పాలి. పదో తరగతి పిల్లలు దీని మీద చర్చాపోటీ పెట్టుకుంటే ఆనకట్ట నమూనా కంటే ఎక్కువ నేర్చుకుంటారు. రెండు వైపులా మాట్లాడటానికి విషయం ఉంది, ఇళ్లలో అనుభవమూ ఉంది.

దివాన్‌గిరీ తర్వాత బతికిన కాలం నలభై ఏళ్లకు పైమాటే. చాలామంది రెండు జీవితాల్లో చేసేంత పని ఆ కాలంలోనే చేశాడు. 1934లో భారతదేశానికి ప్రణాళికాబద్ధ ఆర్థిక వ్యవస్థ మీద పుస్తకం రాశాడు, స్వతంత్ర దేశంలో పంచవర్ష ప్రణాళికల మాట రావడానికి పదిహేనేళ్ల ముందే. నష్టాల్లో ఉన్న భద్రావతి ఇనుప కర్మాగారం బాధ్యత తలకెత్తుకుని నిలబెట్టాడు. ఆ పనికి తనకు రావలసిన జీతం బాకీని తను తీసుకోకుండా, చేతిపనులు నేర్పే సంస్థ ఒకటి పెట్టమన్నాడు. బెంగళూరులో జయచామరాజేంద్ర పేరిట వృత్తివిద్యా సంస్థ అలా వచ్చింది. పాలిటెక్నిక్‌లో చేరదామా, పీయూసీలో చేరదామా అని ఊగే మన పిల్లలకు ఈ సంగతి చెప్పండి. ఇంజినీరింగులో దేశం మొక్కే మనిషి తన సొంత డబ్బు పెట్టవలసి వచ్చినప్పుడు పెట్టింది డిగ్రీ కాలేజీకి కాదు, చేతిపని బడికి.

ఆయన వేసిన బడులన్నీ పల్లెలకు వచ్చినా, పెద్ద చదువు మాత్రం మన వైపు రావడానికి చాలాకాలం పట్టింది. 1935లో కూడా గౌరిబిదనూరు తాలూకా హోసూరు నుంచి ఒక కుర్రాడు హైస్కూలు చదువు కోసం బెంగళూరుకు నడిచిపోవలసి వచ్చింది. ఆయనే తర్వాత అమెరికాలో అణు భౌతికశాస్త్రంలో డాక్టరేటు చేసి, బెంగళూరు విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయిన హెచ్. నరసింహయ్య. ఆయన తిరిగివచ్చి గౌరిబిదనూరులోనూ బాగేపల్లిలోనూ నేషనల్ కాలేజీలు పెట్టించాడు. ముద్దేనహళ్లి కుర్రాడు బండి దారిన వెళ్లిన అరవై ఏళ్లకు హోసూరు కుర్రాడు నడిచాడంటే, దారి ఎంత నెమ్మదిగా తరిగిందో చూడండి. ఇవాళ బాగేపల్లి పిల్ల ఇంటి అన్నం తిని కాలేజీకి పోయి సాయంత్రానికి ఇల్లు చేరుతోంది. బెంగళూరులో మేనమామ లేకపోయినా చదువు ఆగదు. ఆడపిల్లల విషయంలో ఇదెంత తేడానో తల్లులకే బాగా తెలుసు.

1951లో తన పని గురించిన జ్ఞాపకాలను ఇంగ్లిషులో పుస్తకంగా తెచ్చాడు. చిత్రమేమిటంటే ఆ పుస్తకంలో పని ఉంటుంది, కష్టాల ఏకరువు ఉండదు. అన్నానికి నడిచిన వీధుల గురించి పేజీల కొద్దీ రాసుకునే హక్కున్న మనిషి రాసుకోలేదు. 1955లో భారతరత్న వచ్చింది. నూరేళ్లు నిండిన తర్వాత కూడా ఉదయం వేళకు లేచి, శుభ్రంగా దుస్తులు వేసుకుని, తలపాగా చుట్టుకున్నాకే వచ్చినవారిని కలిసేవాడని చూసినవారు రాశారు.

1962 ఏప్రిల్‌లో బెంగళూరులో కన్నుమూశాడు. అంత్యక్రియలు ముద్దేనహళ్లిలో జరిగాయి, సమాధి అక్కడే ఉంది. పాత ఇల్లు ఇప్పుడు స్మారక మందిరం. పతకాలు, బిరుదు పత్రాలు, ఆయన వాడిన వస్తువులు అక్కడ ఉంచారు. నంది కొండకు పిల్లలను విహారయాత్రకు తీసుకెళ్లే బడులు తిరుగుదారిలో గంటసేపు ఆగితే చాలు. ఆ కొండల్లోనే మన పెన్న కూడా పుడుతుంది. ఉత్తర పినాకినిగా గౌరిబిదనూరు మీదుగా సాగి, అనంతపురం దాటి నెల్లూరు దాకా పోతుంది. మోక్షగుండం వాళ్లు వచ్చిన దిక్కు కూడా దాదాపు అదే.